బరువు పడితేనే బయటపడేది

మే నెల మధ్యాహ్నం బెజవాడ నుంచి ఏలూరు వైపు వెళ్తున్న పాత అంబాసిడర్ గన్నవరంలో టీ కోసం ఆగిందనుకుందాం. అంతదాకా బండి చక్కగా నడిచింది. పావుగంట తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. చోక్ లాగినా, యాక్సిలరేటర్ తొక్కినా లాభం ఉండదు. ముప్పావుగంట చెట్టు నీడన ఉంచితే ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. అక్కడి నుంచి తిన్నగా ఆటోనగర్‌కు తోలుకెళ్లి చూపిస్తే మేస్త్రికి ఏ లోపమూ దొరకదు. ఆ క్షణాన బండిలో లోపం లేదు మరి. వచ్చిన బేరం పోగొట్టుకోలేక ఆయన ప్లగ్గులు మారుస్తాడు, కార్బొరేటర్ విప్పి కడుగుతాడు. మళ్లీ ఎండ కాసిన రోజున కథ మొదటికొస్తుంది.

ఇక్కడ అనుమానించాల్సినవి రెండు.

మొదటిది పెట్రోలు. నడుస్తున్న ఇంజన్‌లో ఫ్యాను, నీళ్ల పంపు కలిసి వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోలేస్తుంటాయి. ఇంజన్ ఆపగానే ఆ రెండూ ఆగుతాయి కానీ పోత ఇనుము పట్టి ఉంచిన వేడి ఆగదు. అది పైకి పాకి కార్బొరేటర్‌ను, ఇంజన్ పక్కకే బిగించి ఉండే పెట్రోలు పంపును కాలుస్తుంది. బండి ఆగిన తర్వాత మొదటి పది, పదిహేను నిమిషాల్లో బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. నీడలోనే 44 డిగ్రీలుండే రోజున పంపులో, గొట్టంలో ఆవిరి బుడగలు నిండుతాయి. పంపులోని పొర ద్రవాన్ని నెట్టగలదు గానీ ఆవిరిని నెట్టలేదు. అది నొక్కినంతసేపూ ఆవిరి ముడుచుకుంటుంది, వదలగానే మళ్లీ విప్పారుతుంది తప్ప ముందుకు కదలదు. దీన్నే వేపర్ లాక్ అంటారు.

రెండోది ఇగ్నిషన్ కాయిల్. లోపల వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఎక్కడో ఒక చుట్టులో సన్నటి తెగుడు ఉంటే చల్లగా ఉన్నప్పుడు కొసలు తగులుకునే ఉంటాయి, వేడికి సాగినప్పుడు విడిపోతాయి. తీగ తెగకపోయినా దాని మీది పూత కాలిపోయి చుట్టుకూ చుట్టుకూ మధ్య కరెంటు దారి తప్పవచ్చు. చల్లారితే మళ్లీ మామూలే. కండెన్సర్ కూడా ఇదే తీరున మొరాయిస్తుంది.

రెండు జబ్బుల లక్షణాలూ ఒకటే, రెండింటికీ నీడే మందు. బానెట్ ఎత్తి అంతటా నీళ్లు చల్లితే బండి కదలవచ్చు, కానీ ఏది చల్లబడి కదిలిందో తెలియదు. పైగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే బీటలు వారే ప్రమాదం. పాత డ్రైవర్లు తడిగుడ్డ తీసుకుని పంపు మీద మాత్రమే కప్పేవాళ్లు. రెండు మూడు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టి చూడాలి. అందుకుంటే తప్పు పెట్రోలుది. లేకపోతే అదే గుడ్డను కాయిల్ మీదికి మార్చాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచడం ప్రయోగశాలలో మొదట నేర్పే నియమం. గన్నవరం రోడ్డు పక్కన తడిగుడ్డతో చేసేదీ ఆ ప్రయోగమే.

అయితే ఈ పరీక్ష బండి మొరాయిస్తున్నప్పుడే చెయ్యాలి. చల్లారాక చేస్తే అన్నీ మంచివిగానే తేలతాయి. పాత కారు లోపాల్లో సగానికి పైగా ఇలాంటివేనని నా నమ్మకం. ఊరికే ఉన్నప్పుడు దాక్కుంటాయి. వేడో, కరెంటో, పీడనమో, ఏదో ఒక బరువు మీద పడ్డప్పుడు బయటికొస్తాయి. ఆటోనగర్ భాషలో చెప్పాలంటే, లోడు పడితేనే తెలుస్తుంది.

1960ల్లో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్ లారీల బాడీలకూ రిపేర్లకూ దేశమంతటా పేరున్న చోటు. ఇక్కడి పాత మేస్త్రుల చేతుల్లో పెరిగినవి ప్రధానంగా మూడు కార్లు: 1950ల చివర ఉత్తరపారాలో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్, జనం చివరిదాకా ఫియట్ అనే పిలిచిన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. మొదటి రెండింటికీ నాలుగు సిలిండర్లు, మారుతికి మూడు. కార్బొరేటరున్న కాలంలో ఈ మూడింటికీ కంప్యూటర్ లేదు. తప్పు ఎక్కడుందో బండి చెప్పదు, మనమే అడిగి రాబట్టాలి. ఎలా అడగాలన్నదే ఈ అధ్యాయం.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు దండగ చేయించే లోపంతో మొదలుపెడదాం. తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’ మంటుంది, తిరగదు.

“బ్యాటరీ దిగిపోయిందండీ” అంటారు ఒకరు. కొత్తది వేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ టక్. “అయితే సెల్ఫ్ మోటారే సార్” అంటారు ఇంకొకరు. దాన్ని విప్పి కార్బన్ బ్రష్షులు మారుస్తారు. ఇంకో వారం గడుస్తుంది. ఇలాంటి బండిలో చాలాసార్లు ఆ రెండూ నిక్షేపంగానే ఉంటాయి. తప్పు ఆ రెండింటినీ కలిపే దారిలో ఉంటుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి లావుపాటి కేబుల్ సెల్ఫ్‌కు వెళ్తుందని అందరికీ కనిపిస్తుంది. కరెంటు తిరిగి రావాలి కదా, ఆ దారి కనిపించదు. బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి బిగిస్తారు. ఇంజన్ ఆ బాడీ మీద రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకని ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. అదే ఎర్త్ పట్టీ. బురద, నూనె, ఉప్పుగాలి తగిలి దాని కొసలు పచ్చగా చిలుము పడతాయి. బందరు, కోడూరు వైపు తిరిగే బండ్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

చిలుము పట్టిన ఆ బిగింపు దగ్గర 0.02 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. మామూలు మీటర్లు అంత చిన్న సంఖ్యను సరిగా చూపనైనా చూపలేవు. కానీ జార్జ్ ఓమ్ 1827లో ప్రకటించిన లెక్క ప్రకారం కరెంటును నిరోధంతో గుణిస్తే అక్కడ పోయే వోల్టేజి వస్తుంది. 55 వాట్ల హెడ్‌లైటు 5 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. ఆ కరెంటే ఈ దారిలో వెళ్తే పోయేది వోల్టులో పదో వంతు కూడా ఉండదు, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు అదే బిగింపు దగ్గర 3 వోల్టులు ఆవిరి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ ఇచ్చేదే పదిన్నర వోల్టులు, మోటారుకు చేరేది ఏడున్నర. అదీ టక్. కొత్త బ్యాటరీ కొంచెం గట్టిగా నెడుతుంది కాబట్టి రెండు రోజులు గడిచిపోతాయి.

డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లకాలువలో ఒకచోట పూడిక పేరుకుంటే, తూములన్నీ మూసి నీళ్లు నిలబెట్టినప్పుడు పూడికకు ఎగువనా దిగువనా మట్టం ఒకటే ఉంటుంది. తూములెత్తి పారించినప్పుడే దిగువ మట్టం పడిపోయి చివరి భూములకు నీళ్లందవు. వోల్టేజి ఆ మట్టం లాంటిది. కరెంటు పారనప్పుడు కొలిస్తే చెడ్డ బిగింపుకు అటూ ఇటూ కూడా పన్నెండున్నరే.

కాబట్టి కొలత పారుతున్నప్పుడే తీయాలి. మల్టీమీటర్ ఒక మొనను బ్యాటరీ మైనస్ కొమ్ముకు, రెండో మొనను ఇంజన్ ఇనుముకు ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. దారి బాగుంటే మీటరు 0.2 వోల్టు లోపే చూపిస్తుంది. రెండు మూడు వోల్టులు చూపిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత రెండో మొనను బాడీ మీదికి మారిస్తే పాపం మైనస్ కేబుల్‌దా, ఎర్త్ పట్టీదా అన్నదీ తేలిపోతుంది. ఏమీ విప్పక్కర్లేదు. బ్యాటరీ కొమ్ము మీద ఒకసారి, దాని తొడుగు మీద ఒకసారి ఆనించి చూడటం మరవకండి. పైకి మెరిసే తొడుగు కింద తెల్లటి పూత దాగి ఉండటం మామూలే.

ఎర్త్ పట్టీ పూర్తిగా తెగితే ఇంకో విచిత్రం జరుగుతుంది. కరెంటు తిరిగి వెళ్లడానికి దొరికిన దారల్లా పడుతుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య మిగిలిన లోహపు తీగలు చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా అవి కాలి పొగలొస్తాయి. చోక్ కేబుల్ కాలిపోయిందని కొత్తది వేసి పంపినవాళ్లున్నారు, అదీ కాలిపోతుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే చోక్ తీగ చేతికి వేడిగా తగిలిందంటే మీటరు కూడా అక్కర్లేదు.

ఇక్కడ టెస్ట్ ల్యాంపు గురించి ఒక మాట. ఆటో ఎలక్ట్రీషియన్ల చేతిలో రెండు వైర్ల మధ్య బల్బు చూసి మనలో చదువుకున్నవాళ్లకు చిన్నచూపు. నిజానికి చాలా సందర్భాల్లో ఖరీదైన డిజిటల్ మీటరు కన్నా ఆ బల్బే నమ్మదగ్గది. మీటరు తన లోపలి నిరోధం కోటి ఓమ్‌లు ఉండేలా తయారవుతుంది, అంటే అది వైరు నుంచి లాగేది ఆంపియర్‌లో పదిలక్షో వంతు. మధ్యలో చిలుము పట్టి 20 ఓమ్‌ల అడ్డు ఉన్నా మీటరు నిశ్చింతగా 12.6 చూపిస్తుంది. 21 వాట్ల బల్బు రెండు ఆంపియర్ల దాకా అడుగుతుంది. ఆ వైరు ఇవ్వలేక బల్బు మినుకుమంటుంది. వరి చేల మధ్య ఊళ్లలో ఎలుకలు కొరికిన వైర్లను పట్టడానికి దీన్ని మించినది లేదు. ఐతే కంప్యూటర్ ఉన్న బండ్లలో, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర ఆ బల్బును అస్సలు వాడకూడదు. అక్కడ రెండు ఆంపియర్లంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు మంట దగ్గరికి వద్దాం. పాత బండ్ల ఇగ్నిషన్ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించాడు, 1912లో క్యాడిలాక్ కారుకు ఎలక్ట్రిక్ సెల్ఫ్ తెచ్చిపెట్టిందీ ఆయనే. కాయిల్‌లోని లావు చుట్ల గుండా బ్యాటరీ కరెంటు పారి చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు తెరుచుకోగానే కరెంటు తెగుతుంది, క్షేత్రం కుప్పకూలుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే: అయస్కాంత క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి పుడుతుంది. 12 వోల్టుల వైపునే క్షణకాలం రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి, వందరెట్లు ఎక్కువ చుట్లున్న సన్న తీగలో అది పదిహేను, ఇరవై వేలవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు వందసార్లు తెరుచుకోవాలి. తెరుచుకునేటప్పుడు అక్కడే నిప్పురవ్వ పుట్టి కరెంటు మెల్లగా తెగితే వోల్టేజి పుట్టదు. దాన్ని ఆపేది కండెన్సర్. చవకది, చిన్నది, పోతే బండి ఆగిపోతుంది. పాయింట్ల మీద నీలిమచ్చలు, గుంటలు తరచూ వస్తుంటే పాయింట్లు మార్చి ఊరుకోకుండా కండెన్సర్‌నూ అనుమానించాలి.

మంట ఉందో లేదో చూడటానికి అందరూ చేసే పని, ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టడం. చిటపటమని వెలిగితే “కరెంట్ బాగానే వస్తోంది” అనేస్తారు. ఇది సగం పరీక్షే. గాలిలో నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, ఆ గాలి సాంద్రతను బట్టీ ఖాళీని బట్టీ పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిచ్ పాషెన్ 1889లో చూపించాడు. బయటి గాలిలో ప్లగ్గు ముక్కు దగ్గర 0.6 మిల్లీమీటర్ల ఖాళీని దాటడానికి రెండు మూడు వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో గాలి ఏడెనిమిదో వంతుకు నొక్కుకుపోయి ఉన్నప్పుడు అదే ఖాళీకి పదివేలు దాటాలి. బలహీనపడ్డ కాయిల్ బయట భేషుగ్గా వెలిగి లోపల చేతులెత్తేస్తుంది. ప్లగ్గు కన్నా ఎక్కువ ఖాళీ పెట్టి, ఆరేడు మిల్లీమీటర్ల దూరం దూకుతుందో లేదో చూడటమే సరైన పరీక్ష. వైరును చేత్తో పట్టుకోకూడదని వేరే చెప్పాలా?

కృష్ణా డెల్టాలో ఈ లోపం ఏళ్ల తరబడి దాక్కోగలదు. గన్నవరం నుంచి గుడివాడ, గుడివాడ నుంచి బందరు, నేలంతా బల్లపరుపు. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కుతాం కాబట్టి సిలిండర్‌లోకి పోయే గాలి తక్కువ, దాన్ని నొక్కినప్పుడు పుట్టే పీడనమూ తక్కువే. బలహీనమైన మంట సరిపోతుంది. అదే బండి కుటుంబాన్నంతా ఎక్కించుకుని ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పెడల్ కింది దాకా తొక్కాలి. సిలిండర్ నిండా గాలి దిగుతుంది, మంటకు కావలసిన వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది, మిస్సింగ్ మొదలవుతుంది. కొండ దిగాక మళ్లీ బాగుంటుంది. బెజవాడలో ట్యూనింగ్ చేయించినవాళ్లు పరీక్ష కోసం బందరు రోడ్డు మీద కాకుండా కొండ మీదికి తోలి చూడటం మేలు.

తేమ ఇంకో దారిన కరెంటును దొంగిలిస్తుంది. చలికాలపు పొద్దుల్లో గన్నవరంలో విమానాలు ఆలస్యమయ్యేంత మంచు కురిసినప్పుడు, డిస్ట్రిబ్యూటర్ మూతలోని సన్నటి బీటలో తడి చేరి మంట ప్లగ్గు దాకా పోకుండా అక్కడే ఎర్త్ అయిపోతుంది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపి చూస్తే వైర్ల మీద నీలిరంగు మెరుపులు పాకుతూ కనిపిస్తాయి.

పొగ రంగుల సంగతి అందరూ చెప్పేదే: నల్లపొగ పెట్రోలు ఎక్కువని, నీలిపొగ ఆయిల్ మండుతోందని, ఆగని తెల్లపొగ హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నాయని. అంతకన్నా ఉపయోగపడేది, ఐడిలింగ్‌లో ఒక్కో ప్లగ్గు వైరునూ చెక్క పట్టుతో తీసి చూడటం. పనిచేసే సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ ఇంకా కుంటుతుంది. తీసినా తేడా రాలేదంటే మిస్సయ్యేది అదే. అప్పుడా ప్లగ్గును పక్క సిలిండర్‌తో మార్చండి. లోపం ప్లగ్గుతో పాటు కదిలితే తప్పు ప్లగ్గుది. కదలకపోతే వైరో, వాల్వో, రింగులో. కొత్త ప్లగ్గు కొనకుండానే తేలిపోయే విషయం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో మాత్రం వైర్లు ఇలా పీకొద్దు, మాడ్యూల్ కాలుతుంది.

పెట్రోలు వైపు కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. దాన్ని ఎరగని కాలపు రబ్బరు గొట్టాలు, పంపు పొరలు ఉబ్బి మెత్తబడతాయి, వాటి నుంచి రాలిన పొట్టు జెట్లలో ఇరుక్కుంటుంది. గొట్టాలు మార్చకుండా ఎన్నిసార్లు కార్బొరేటర్ కడిగినా దండగే.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే రోగానికీ పరీక్ష ఇలాంటిదే. అన్నీ ఆపాక అర ఆంపియర్ ఎక్కడో కారుతోందనుకుందాం, అంటే చిన్న బల్బు ఒకటి వెలిగినంత. మారుతి 800లో వాడే 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన మూడు రోజుల్లో ఖాళీ. శుక్రవారం రాత్రి నిలిపిన బండి సోమవారం పొద్దున లేవదు. మైనస్ కేబుల్ ఊడదీసి మధ్యలో మీటరును ఆంపియర్లలో పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతే ఆ దారిలోనే కారుతోంది. ఏది తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు చూడండి, దాని లావు వైరు ఫ్యూజుల గుండా పోదు.

ఇక వరద బండ్లు. 2024 ఆగస్టు చివరి రాత్రి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా విజయవాడలో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు వేల వాహనాలు నీళ్లలో నిలిచాయి. నీళ్లు దిగిన వెంటనే ఆత్రంగా సెల్ఫ్ కొట్టిన ఇంజన్లకు ప్రాణాంతకమైంది ఒకటే: సిలిండర్‌లో చేరిన నీళ్లు గాలిలా నొక్కుకోవు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్లు చిమ్మించాకే మిగతా పని.

అలా బతికించిన బండ్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ బజారులో తిరుగుతున్నాయి. సీట్లు మార్చి పాలిష్ పెడితే చూపులకు తెలియదు. బురదనీళ్లు తాగిన కనెక్టర్లలో రాగి నెలల తరబడి నెమ్మదిగా చిలుము పడుతూనే ఉంటుంది. అమ్మేవాళ్లు పగటిపూట చూపిస్తారు, మీరు రాత్రి వెళ్లండి. సీటు బెల్టును చివరిదాకా లాగి కొసన మట్టిచార ఉందేమో చూడండి, సీటు కింది పట్టాల్లో వేలు పెట్టి తడమండి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్, వెనక అద్దం హీటర్ ఉంటే అదీ, అన్నీ ఒకేసారి వేయించండి. ఇంజన్‌ను కాస్త రేస్ చేసి బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.8కు అటూ ఇటూగా ఉండాలి. వెంటనే హెడ్‌లైటు వెనక కనెక్టర్ దగ్గర, బల్బు వెలుగుతుండగానే కొలవండి. రెండింటికీ తేడా అర వోల్టు లోపుంటే పర్వాలేదు. ఒకటిన్నర దాటితే ధర మాట్లాడే ముందు వైరింగ్ మొత్తానికి అయ్యే ఖర్చు లెక్క వేసుకోండి.